కసరత్తు నొప్పి - మందుల కథ

క్రీ. శ. 1520 ప్రాంతంలో విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను కొంత వివరంగా వ్రాసిపెట్టినాడు. తెల్లవారుటకు చాల ముందుగా రాయలవారు లేచి ముప్పాతిక పైంటు నువ్వులనూనె త్రాగేవారట. అదే నూనెను ఒంటినిండ పట్టించుకొని, నడుముకు చిన్న గుడ్డ మాత్రం చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను ఎత్తేవారు. ఆపైన కత్తి పట్టి, ఆ నూనె అంతా చెమటతో కారిపోయేవరకు సాము చేసేవారు. తరువాత తమ మల్లులలో ఒకనితో కుస్తీ. అది ముగిసిన పిమ్మట గుర్రమెక్కి, తూర్పు తెల్లవారేదాక మైదానంలో అటూ ఇటూ దౌడు తీసేవారు. స్నానమూ దైవదర్శనమూ ఆ తరువాతనే.

పేస్ దొర ఒక్క సంగతి మాత్రం వ్రాయలేదు. మరునాడు రాయలవారికి ఒళ్లు నొప్పులు ఉండేవా? నా అంచనా, ఉండేవి కావు. ఆ అంచనాకు ఆధారమేమిటో కొంత కథ నడచిన తరువాత మనవి చేస్తాను. వారానికొక్కసారి బ్యాటు పట్టుకొనే నావంటి వారికి మాత్రం ఆ నొప్పి బాగా తెలిసిన చుట్టమే. ఆడిన సాయంకాలం హాయిగా ఉంటుంది. మరునాటి ఉదయం మంచం దిగబోతే తొడలు మొరాయిస్తాయి. మూడవనాటికి మెట్లు దిగడం ఒక శిక్ష. నాలుగైదు దినములకు తానే సర్దుకుంటుంది, సరిగ్గా మరల ఆదివారం వచ్చే సమయానికి.

ఈ నొప్పికి ఏ మందు వాడాలి అనే ప్రశ్న కొత్తది కాదు. ఆటలు పుట్టిననాడే పుట్టినది. ప్రాచీన గ్రీసు దేశపు వ్యాయామశాలలలో మల్లులు నూనె రాసుకొని, ఆట ముగిసిన తరువాత వంకర తిరిగిన లోహపు పలుగుతో ఆ నూనెను, చెమటను, దుమ్మును కలిపి గీకివేసేవారు. ఆ గీకిన మడ్డిని పారవేయలేదు సుమండీ! దానిని కీళ్లవాపులకు, నొప్పులకు మందుగా అమ్మేవారు. రోమను రచయిత ప్లినీ క్రీ. శ. మొదటి శతాబ్దిలో ఆ సంగతి వ్రాస్తూ, వ్యాయామశాలల అధికారులు ఈ వ్యాపారంలో బాగా గడించారని కూడ చెప్పినాడు. మల్లుని చెమటలో మల్లుని బలం ఉంటుందని కొన్నవారి నమ్మకం కాబోలు.

ఆ తరువాతి శతాబ్దిలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు వచ్చినాడు. ఇతడు 157వ సంవత్సరంలో పెర్గమం నగరంలో గ్లాడియేటరులకు, అనగా ప్రజల వినోదం కొరకు కత్తులతో పోరాడే మల్లులకు, వైద్యునిగా కుదిరినాడు. నలిగిన కండలను, తెగిన కండలను నిత్యం చూచినవాడు. ఆరోగ్యరక్షణమును గురించి అతడు వ్రాసిన గ్రంథంలో వ్యాయామం వలన కలిగే బడలికను రకరకాలుగా విభజించినాడు. ఒకటి పుండు తాకినట్లు సలిపేది. ఒకటి కండ బిగదీసినట్లుండేది. ఒకటి వాచి వేడెక్కినట్లుండేది. మొదటి రకమునకు కారణం, శరీరంలో పేరుకొన్న పదునైన మలినద్రవ్యమని అతని నిర్ణయం. అందువలన వ్యాయామం ముగిసిన పిమ్మట మెత్తగా నూనెతో మర్దించి ఆ మలినమును బయటికి పంపవలెనన్నాడు. "పదునైన మలినం" అన్న ఈ మాటను గుర్తుంచుకోండి. పదునెనిమిది వందల ఏండ్ల తరువాత అదే మాట వేరొక వేషంలో తిరిగి వస్తుంది.

మన దేశంలోని మాట వేరుగా చెప్పనక్కరలేదు. అభ్యంగనమును, సంవాహనమును ఆయుర్వేద గ్రంథములు దినచర్యలోనే చేర్చినవి. తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసిన కుర్రవాళ్లకు ఒకరి ఒళ్లు మరొకరు పట్టుట విద్యలో ఒక భాగమే. మా తాతగారి ఇంట్లో ఈ చికిత్సకు కావలసినవన్నీ వంటింటిలోనే ఉండేవి. నువ్వులనూనె కాచి అందులో కర్పూరం వేసేవారు. రాళ్లఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టేవారు. వావిలాకు వేసి మరగించిన నీళ్లు పోసేవారు. బెణికితే పసుపు, సున్నం కలిపి పట్టు వేసేవారు. వీటిలో ఏది ఎంత పని చేస్తున్నదని ఎవరూ లెక్క తీయలేదు. నాలుగవనాటికి నొప్పి పోయేది. పేరు వావిలాకుకు వచ్చేది. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. తనంతట తానే తగ్గే నొప్పికి ఏ మందు వాడినా ఆ మందే తగ్గించినట్లు కనిపిస్తుంది. ఈ చిక్కు తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులను సైతం చాలకాలం తిప్పలు పెట్టినది.

ఇక కడుపులోనికి పుచ్చుకొనే మందు మాట. దాని కథ ఇంగ్లండులోని ఒక మతగురువుతో ప్రారంభమవుతుంది. ఆక్స్‌ఫర్డు మండలంలోని చిప్పింగ్ నార్టన్ గ్రామంలో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఆయన ఒకనాడు విల్లో చెట్టు బెరడును నోట వేసుకొని చూచినాడు. విల్లో అంటే నీటి ఒడ్డున పెరిగే చెట్టు. ఆ బెరడు అసాధారణమైన చేదు. అంత చేదు అంటే ఆనాటి వారికి వెంటనే స్ఫురించేది మలేరియా జ్వరమునకిచ్చే సింకోనా బెరడు. పైగా చలిజ్వరాలు తడినేలలలో ప్రబలుతవి గదా, ఈ చెట్టూ తడినేలలలోనే పెరుగుతున్నది గదా, రోగమున్నచోటనే దేవుడు మందును కూడ ఉంచి ఉండడా అని ఆయన తర్కం. సుమారు ఒక పౌను బెరడును రొట్టెలు కాల్చే పొయ్యి మీద మూడునెలలకు పైగా ఆరబెట్టి, పొడి చేసి, సుమారు ఏబదిమంది జ్వరపీడితులకు ఇచ్చి చూచినాడు. ఫలితములను 1763లో లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం ద్వారా విన్నవించినాడు. తర్కం తప్పు, మందు మాత్రం నిజం. వైద్యచరిత్రలో ఇట్టివి చాల కలవు.

ఆ చేదులోని సారమును 1828లో మ్యూనిక్ నగరంలో బుక్నర్ వేరు చేసి, విల్లో లాటిన్ నామమును బట్టి సాలిసిన్ అని పేరుపెట్టినాడు. 1838లో ఇటలీవాడైన పిరియా దానినుండి సాలిసిలికామ్లము తీసినాడు. 1874లో జర్మనీలోని డ్రెస్డెన్ వద్ద దీనిని కర్మాగారంలో తయారుచేయుట మొదలైనది. అదే ఏట స్కాట్లండులోని డండీ పట్టణంలో థామస్ మెక్లగన్ అనే వైద్యుడు, కీళ్లవాతజ్వరంతో కదలలేక పడివున్న రోగికి సాలిసిన్ ఇచ్చినాడు. ముందు తాను కొంత మింగి, ప్రమాదం లేదని చూచుకొన్న తరువాతనే ఇచ్చినాడు. రోగికి జ్వరం తగ్గినది, నొప్పి తగ్గినది. 1876లో ఆయన లాన్సెట్ పత్రికలో ఈ సంగతి ప్రకటించినప్పటినుండి ఈ జాతి మందులు చలిజ్వరముల నుండి నొప్పుల వైపు మళ్లినవి.

కాని సాలిసిలేటు మందులను నిత్యం పుచ్చుకొనేవారి బాధ చెప్పనలవి కాదు. కడుపులో మంట, వికారం, చెవులలో హోరు. జర్మనీలోని బేయర్ కంపెనీలో పని చేస్తున్న ఫెలిక్స్ హోఫ్‌మన్ అనే యువ రసాయనికుని తండ్రి ఈ బాధను భరించలేకపోయినాడనీ, తండ్రి కొరకే కుమారుడు మృదువైన మందును వెదకినాడనీ కథ. 1897 ఆగస్టు 10వ తేదీన హోఫ్‌మన్ తన ప్రయోగ పుస్తకంలో స్వచ్ఛమైన ఎసిటైల్ సాలిసిలికామ్లమును తయారుచేసినట్లు వ్రాసుకొన్నాడు. 1899లో అది ఆస్పిరిన్ అన్న పేరుతో అంగడికెక్కినది.

తండ్రి మీది ప్రేమతో కుమారుడు మందు కనుగొన్నాడన్న కథ వినుటకు బాగున్నది. కాని దీనికి రెండవ కథ ఒకటి ఉన్నది. అదే కంపెనీలో ఆర్తుర్ ఐకెన్‌గ్రున్ అనే యూదు రసాయనికుడు పని చేసేవాడు. ఈ పరిశోధన తన ఆజ్ఞమీదనే జరిగినదని ఆయన వాదం. మందుల పరీక్షాధికారి డ్రెసెర్, ఇది గుండెకు చేటని త్రోసివేసినప్పుడు, తానే రహస్యంగా బెర్లిన్ వైద్యులచేత పరీక్ష చేయించి దానిని బ్రతికించినానని ఆయన చెప్పుకొన్నాడు. నాజీల ప్రభుత్వకాలంలో యూదుని పేరు బయటికి వచ్చే అవకాశమే లేదు. ఆయనను టెరెజీన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో బంధించినారు. అక్కడనుండి 1944లో వ్రాసిన ఉత్తరంలోను, 1949లో ప్రకటించిన వ్యాసంలోను తన పాలు తనకు ఇవ్వవలెనని కోరినాడు. వ్యాసం వెలువడిన మాసంలోనే చనిపోయినాడు. ఏబదియేండ్ల తరువాత, 2000లో, వాల్టర్ స్నీడర్ అనే స్కాట్లండు పరిశోధకుడు పాత కాగితములను పరిశీలించి ఐకెన్‌గ్రున్ మాటయే నమ్మదగినదని వ్రాసినాడు. కంపెనీ వారు ఒప్పుకొనలేదు. నా మట్టుకు, శిబిరంలోనుండి వ్రాసిన ముదుసలి అబద్ధం చెప్పవలసిన పని లేదనిపిస్తుంది.

ఆస్పిరిన్ కంటె ఆరేండ్లు ముందుగా, 1893లో, మరి రెండు సంగతులు జరిగినవి. రెండింటికీ మన ఇండ్లతో సంబంధం ఉన్నది. జర్మనీలో ఫన్ మేరింగ్ అనే వైద్యుడు పారాసెటమాల్ అనే పదార్థమును రోగులకిచ్చి పరీక్షించి, అది అంత మంచిది కాదని తీర్పు చెప్పినాడు. ఆ తీర్పు తప్పని తేలుటకు ఏబదియైదేండ్లు పట్టినది. 1948లో అమెరికాలో బ్రాడీ, ఏక్సెల్‌రాడ్ అనే ఇద్దరు, ఆనాడు వాడుకలోనున్న ఎసిటనిలైడు మందు శరీరంలో పారాసెటమాల్‌గా మారియే నొప్పి తగ్గిస్తున్నదని చూపించినారు. 1956లో ఇంగ్లండులో అది అంగడికి వచ్చినది. నేడు పట్టణంలోగాని, పల్లెలోగాని ఆ బిళ్ల లేని ఇల్లు అరుదు.

రెండవ సంగతి బొంబాయిలో జరిగినది. కృష్ణామండలం ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, బ్రతుకుతెరువు కొరకు బొంబాయి చేరి, అక్కడ 1893లో అమృతాంజనమును స్థాపించినారు. సంగీత సభలలో చిన్న డబ్బీలను ఉచితంగా పంచి జనమునకు అలవాటు చేసినారని చెబుతారు. ఆ లేపనం మీద వచ్చిన ధనమే 1908లో ఆంధ్రపత్రికగా, 1924లో భారతిగా తెలుగువారికి ముట్టినది. నొప్పి మందు డబ్బుతో సాహిత్యం బ్రతికిన ఉదాహరణ ప్రపంచంలో మరొకటి ఉన్నదో లేదో!

ఇటువంటి లేపనములలో సామాన్యంగా ఉండేవి కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వింటర్‌గ్రీన్ తైలం. ఈ మూడవదానికి సంబంధించిన మొక్క మన నీలగిరి కొండలలో కూడ పెరుగుతుంది. విచిత్రమేమంటే, ఈ తైలంలోని సారమైన మిథైల్ సాలిసిలేటు, విల్లో బెరడులోని మందుకు స్వయానా చుట్టం. బిళ్ల మింగేవాడు, మందు రాసుకొనేవాడు ఒకే ఇంటి వాకిట నిలిచినట్లే. అది చర్మం గుండా లోనికి ప్రవేశిస్తుంది కూడ. పైపూత మందు గదా, ఏమి ప్రమాదమని ఎంతపడితే అంత పూయరాదు. 2007లో అమెరికాలో, పరుగు పందెములలో పాల్గొనే ఒక విద్యార్థిని ఇట్టి లేపనమును మితిమీరి వాడి, దాని విషం వలన మరణించినట్లు అక్కడి అధికారులు తేల్చినారు. పిల్లలకు అందని చోట ఉంచవలెనని సీసాల మీద ముద్రించే మాట ఊరికే ముద్రించినది కాదు.

పిప్పరమెంటు పువ్వు రాస్తే చల్లగా, మిరపసారం రాస్తే మంటగా ఉండి నొప్పి మరుగునపడుట ఎందువలన? 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం వంటిది ఉన్నదనీ, స్పర్శ వంటి ఇతర సంకేతములు ఎక్కువైనప్పుడు ఆ ద్వారం కొంత మూసుకుంటుందనీ ఊహించినారు. దెబ్బ తగిలినచోట మనం అప్రయత్నంగా రుద్దుకొనుట ఇందుకే. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్, మిరపకారమును గుర్తించే నాడీగ్రాహకమును కనిపెట్టినాడు. వేడిని గుర్తించేదీ అదే. ఆ పరిశోధనకు 2021లో నోబెల్ బహుమానంలో భాగం లభించినది. గుంటూరు వారికి మిరపకాయ వేడి చేస్తుందని ఎవరో చెప్పవలసిన అవసరం ఎన్నడూ లేకపోయినది గాని, ఎట్లు చేస్తుందో తెలియుటకు ఇంతకాలం పట్టినది.

మందులు ఇన్ని వచ్చినవి గాని, అసలు ఆ నొప్పి దేనివలన? ఇక్కడ గేలెన్ "పదునైన మలినం" తిరిగి వస్తున్నది. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అనేవారు, అలసిన కప్ప కండలలో లాక్టికామ్లము పేరుకుంటుందని చూపించినారు. లాక్టికామ్లము అంటే పెరుగు పులియుటకు కారణమైన పదార్థమే. ఇంకేమి, ఆట తరువాత నొప్పి ఆమ్లము వలననే అని వ్యాయామోపాధ్యాయులందరూ చెప్పసాగినారు. నా చిన్నతనంలో మా బడిలో కూడ అదే చెప్పినారు. పిల్లలు నేటికీ అదే వింటున్నారు. కాని అంతకు ముందే, 1902లో, అమెరికాలో థియోడర్ హాఫ్ అనే శాస్త్రజ్ఞుడు వ్రేలితో బరువు లాగించే యంత్రముతో ప్రయోగములు చేసి వేరొక మాట చెప్పివున్నాడు. అలసట వలన వెంటనే కలిగే నొప్పి వేరు, మరునాడు వచ్చే నొప్పి వేరు. రెండవది కండలోనే ఏవో సన్నని చీలికలు ఏర్పడుట వలన కలుగుతున్నదని అతని అభిప్రాయం. ఆ మాటను చాలమంది వినిపించుకోలేదు.

వినిపించుకోవలసి వచ్చినది 1980 తరువాత. స్వీడను దేశంలో ఫ్రిడేన్ మొదలైనవారు మనుష్యుల చేత పదే పదే మెట్లు దిగించి, తొడకండల నుండి పిసరంత ముక్క తీసి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచినారు. కండపోగులలో వరుసగా ఉండవలసిన గీతలు చెదరి, చిందరవందరగా కనిపించినవి. హాఫ్ ఊహ నిజమైనది. 1983లో అమెరికాలో జరిగిన మరొక ప్రయోగంలో, సమతలం మీద పరుగెత్తినవారికి రక్తంలో లాక్టికామ్లము హెచ్చినా మరునాడు నొప్పి రాలేదు. పల్లమునకు పరుగెత్తినవారికి ఆమ్లము హెచ్చకుండానే నొప్పి వచ్చినది. ఆ ఆమ్లము ఆట ముగిసిన గంట, గంటన్నరలోనే కరిగిపోతుంది. నేరస్థలంలో లేని మనిషికి ఎనుబదేండ్లు శిక్ష వేసినట్లయినది.

తిరుమలకు నడచి ఎక్కి, నడచి దిగివచ్చినవారికి ఈ సంగతి అనుభవమే. ఎక్కేటప్పుడు ఆయాసం, నొప్పి మాత్రం దిగినందువలన. కండ సాగుతూ బరువును ఆపవలసివచ్చినప్పుడే పోగులు ఎక్కువగా చెదరుతవి. ఆ చెదరిన చోట వాపు పుట్టి, మరమ్మతు జరిగి, కండ ముందుకంటె గట్టిపడుతుంది. కొద్దిరోజులలోనే అదే శ్రమ మరల చేస్తే నొప్పి చాల తక్కువ. ప్రతి ఉదయం తప్పకుండ సాము చేసిన రాయలవారికి ఒళ్లు నొప్పులు ఉండి ఉండవని నేననుట ఇందువలననే. ఆదివారపు ఆటగాడు మాత్రం ప్రతిసారీ ఇంచుమించు క్రొత్తవాడే.

ఈ నొప్పికి బిళ్ల ఏమి చేస్తుంది? ఆ రహస్యమును 1971లో లండనులో జాన్ వేన్ ఛేదించినాడు. దెబ్బతిన్న కణములు ప్రాస్టాగ్లాండినులు అనే పదార్థములను పుట్టిస్తవి. వాపును, నొప్పిని పెంచేవి అవే. ఆస్పిరిన్ వాటి ఉత్పత్తిని ఆపుతుంది. ఇందుకు ఆయనకు 1982లో నోబెల్ బహుమానం వచ్చినది. కాని ఈ ప్రాస్టాగ్లాండినులే కడుపులోని మెత్తని పొరను ఆమ్లము నుండి కాపాడుతవి. మూత్రపిండములకు రక్తప్రసారమును నిలుపుతవి. కావలివానిని తొలగిస్తే అల్లరి ఆగుతుంది, ఇల్లూ దొంగలపాలవుతుంది. 1938లోనే లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యులు గొట్టం ద్వారా కడుపులోనికి చూచి, ఆస్పిరిన్ పడినచోట ఎర్రగా కందిన మచ్చలను కనుగొన్నారు. కారణం తెలియుటకు మాత్రం వేన్ రావలసివచ్చినది.

ఇంతలో ఇంగ్లండులోని నాటింగ్‌హాం నగరంలో స్టూవర్ట్ ఆడమ్స్ అనే ఆయన, ఆస్పిరిన్ కంటె సౌమ్యమైన మందును వెదకుతూ 1953లో పని ప్రారంభించినాడు. వందలాది పదార్థములను పరీక్షించి, రసాయనికుడైన జాన్ నికల్సన్‌తో కలిసి, 1961లో ఐబూప్రొఫెన్‌కు పేటెంటు కోరినాడు. 1969లో అది వైద్యుల చీటీ మీద అమ్మకానికి వచ్చినది. 1983లో ఇంగ్లండులో చీటీ లేకుండ కొనే వీలు కలిగినది. ఒక సభలో ప్రసంగించవలసిన ఉదయం, ముందునాటి రాత్రి విందు వలన కలిగిన తలనొప్పికి తానే ఆ బిళ్ల వేసుకొని గుణం చూచినానని ఆడమ్స్ గారు పెద్దతనంలో చెప్పుకొని నవ్వేవారు. అదే జాతికి చెందిన డైక్లోఫెనాక్ 1970ల నడుమ వచ్చి మన దేశంలో బాగా వ్యాపించినది. పశువుల వైద్యంలో దానిని వాడగా, ఆ కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి లక్షలాదిగా చచ్చినవని 2004లో తేలినది. 2006లో పశువులకు ఇచ్చుటను మన ప్రభుత్వం నిషేధించినది. మన మోకాలి నొప్పికి, ఆకాశంలో రాబందుకు ముడి ఉన్నదని ఎవరనుకొన్నారు?

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పక తప్పదు. నలుబది దాటిన తరువాత మిత్రులతో కలిసి ప్రతి ఆదివారం బాల్ బ్యాడ్మింటన్ ఆడుట మరల ప్రారంభించినాను. కుడిభుజం, తొడలు వారంలో సగం దినములు నొప్పిగా ఉండేవి. మిత్రులలో ఒకరు ఉపాయం చెప్పినారు: ఆటకు ముందే ఒక బిళ్ల వేసుకుంటే నొప్పి రానే రాదని. అట్లే చేసినాను. పరగడుపున ఒకటి, ఆట తరువాత ఒకటి. పిమ్మట సోమవారం, మంగళవారం కూడ. నొప్పి లేదు గనుక ఇంకొక గంట ఆడేవాడిని. ఇట్లు సుమారు ఎనిమిది నెలలు. ఒక ఉదయం మలము తారువలె నల్లగా ఉన్నది. మెట్లెక్కితే ఆయాసం. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడవనాడు మా ఆవిడ నా ముఖం చూచి, "ఏమండీ, అట్లా పాలిపోయినారేమిటి?" అని అడిగి, ఆ పూటనే ఆసుపత్రికి లాక్కొనిపోయినది. కడుపులో పుండు, రక్తం స్రవించుచున్నది. ఇంకొక వారం ఆలస్యమైతే కష్టమయ్యేదని వైద్యులన్నారు.

ఆ వైద్యుడు వయస్సులో నాకంటె చిన్నవాడు. మందుల చీటీ వ్రాస్తూ, "బిళ్ల వేసుకొన్నది నొప్పికా, ఆటకా?" అని అడిగినాడు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆటకే వేసుకొన్నాను. నొప్పి రాకముందే నొప్పికి మందు తిన్నాను.

ఈ పని చేసినవాడిని నేనొక్కడినే కానని తరువాత చదివి తెలిసికొన్నాను. 2002, 2006 సంవత్సరముల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో ఆటగాండ్రలో సగం మందికి పైగా ఈ జాతి మందులను పుచ్చుకొన్నారని వారి వైద్యుల నివేదికలే చెబుతున్నవి. అమెరికాలో నూరు మైళ్ల పరుగు పందెం ఒకటి జరుగుతుంది. అందులో ఐబూప్రొఫెన్ మింగి పరుగెత్తినవారిని, మింగనివారిని 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో పోల్చినారు. మరునాటి నొప్పిలో ఇద్దరికీ భేదం కనిపించలేదు; మింగినవారి రక్తంలో మాత్రం ప్రేగుల నుండి ఊరిన విషపదార్థములు హెచ్చుగా ఉన్నవి. మరికొన్ని ప్రయోగములలో, కఠిన వ్యాయామం తరువాత కండ తనను తాను కట్టుకొనే పనిని పెద్ద మోతాదులు మందగింపజేసినట్లు తేలినది. మంచుగడ్డ సంగతీ ఇట్టిదే. బెణికినచోట విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తున ఉంచుట అన్న సూత్రమును 1978లో ప్రచారంలోనికి తెచ్చిన గేబ్ మెర్కిన్ అనే వైద్యుడే, మంచు నొప్పిని తగ్గించినా మానుటను ఆలస్యం చేయవచ్చునని 2014లో తన మాటను దిద్దుకొన్నాడు. తన సూత్రమును తానే దిద్దుకొన్న పెద్దమనిషి గనుక ఆయన అంటే నాకు గౌరవం.

అయితే బిళ్లలను ఇంటినుండి వెళ్లగొట్టవలెనా? నేనట్లనుట లేదు. నా వైద్యుడు చెప్పిన తారతమ్యమును, ఇతర వైద్యులు ఒప్పుకొనేదే గనుక, మీ ముందుంచుతాను. ఒక్క చోట, ఒక్క కండకు నొప్పి అయితే ముందుగా పైపూత. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లేపనములుగా కూడ దొరుకుతవి. రక్తంలోనికి పోయేది కొద్ది భాగమే. నిద్ర పట్టనంత నొప్పి అయితే పారాసెటమాల్. అది కడుపునకు మంచిది; కాలేయమునకు మాత్రం మితి దాటితే విషం. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు మించరాదు. మద్యం అలవాటున్నవారికి, బక్కపలుచని వారికి ఇంకా తక్కువ. ఐబూప్రొఫెన్ జాతి బిళ్లలు అవసరమైతే అన్నం తిన్న తరువాత, రెండు మూడు దినములు. కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడుగక ముట్టరాదు. జ్వరంతో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ అసలే కూడదు.

మరొక్క మాట. వానాకాలంలో ఒళ్లు నొప్పులతోపాటు జ్వరం వస్తే అది ఆట నొప్పి కాదు. డెంగ్యూ అయితే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావమును పెంచుతవి. తీవ్రమైన కసరత్తు తరువాత మూత్రం కాఫీ కషాయం రంగులో వస్తే, కండ కరిగి మూత్రపిండములను మూసివేస్తున్నదని అర్థం; ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి పోవలసినదే. ఎడమభుజం నొప్పి ఆటవలననే అనుకొని లేపనం రాసుకొంటూ కూర్చున్నవారిలో గుండెపోటు తేలినవారు కలరు. వారం దాటినా తగ్గని నొప్పి, ప్రతిసారీ ఒకేచోట వచ్చే నొప్పి, కండ అలసటకు సంబంధించినది కాకపోవచ్చును. నా భుజం సంగతి అదే అయినది. తొడల నొప్పి వారంలో మూడు ఉదయములు నడచి, కొద్దిగా బస్కీలు తీయగా రెండు నెలలలో పోయినది. భుజం పోలేదు. పరీక్షిస్తే లోపల నరము కొంత చినిగి ఉన్నది. ఎనిమిది నెలలు బిళ్లల చాటున దానిమీదనే ఆడినాను.

ప్రస్తుతం ఆదివారములలో నేను లెక్క వ్రాస్తున్నాను. భుజానికి నేర్పిన వ్యాయామం రోజుకు పది నిమిషములు. మా ఆవిడ కర్పూరం వేసి నువ్వులనూనె కాచి ఇస్తున్నది. మర్దనం వలన మరునాటి నొప్పి కొంత తగ్గుతుందని పరిశోధకులు కూడ ఒప్పుకొన్నారని చెబితే, "వాళ్లు ఒప్పుకోకముందు మీ తాతగారికి తగ్గలేదా?" అన్నది.